పతకం చూడలేని సాహసం

(విశాఖపట్నంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏటా ఏర్పాటవుతున్నదో ఆ ఆచార్యులు శాసన పరిష్కరణలో దిట్ట. శాసనం ఏం చెబుతున్నదో చదవడం సగం పని అనీ, ఏం చెప్పకుండా విడిచిపెట్టిందో అడగడం మిగతా సగమనీ వారు శిష్యులకు నేర్పారు. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం రాతి మీద కాక లోహం మీద చెక్కిన ఒక రకం శాసనాన్ని మీతో కలిసి చదవదలిచాను. అది యుద్ధంలో ఇచ్చే శౌర్యపతకం. అందులోనూ సముద్రం మీంచి వెళ్లి, దాడికి ముందే శత్రుతీరాన్ని చూసివచ్చే మెరైన్ రెక్కీ అధికారికి దక్కిన పతకం.

నా ప్రతిపాదన ఇది. రెక్కీ దళం తన పనిలో సంపూర్ణంగా నెగ్గిన రాత్రి గురించి అత్యున్నత పతకాలు దాదాపు ఏమీ చెప్పవు. అదే దళం శత్రువు కంటపడి, వచ్చిన పనికి భంగం కలిగి, ప్రాణాల మీదికి వచ్చిన రోజు గురించి ఘనంగా చెబుతాయి. ఇందులో పతకాన్ని తప్పుపట్టవలసిందేమీ లేదు. సాక్షి చూసినదాన్ని నమోదు చేయడం దాని ధర్మం. ఎవరి కంటా పడకపోవడం రెక్కీ ధర్మం. ఈ రెండు ధర్మాల మధ్య ఉన్న వైరుధ్యాన్ని గమనించకుండా పతకాల జాబితానే యుద్ధచరిత్రగా చదివితే, చరిత్రలో ఒక పెద్ద భాగం మన చేయి జారిపోతుంది.

1. వేతనం, శిల, ఆలింగనం

ఈ వైరుధ్యం ఆధునిక సైన్యాలతో మొదలైంది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం అయిదో అధికరణంలో రాజోద్యోగుల వేతనాల పట్టిక ఉంది. ఒకచోట స్థిరంగా ఉండి సమాచారం సేకరించే గూఢపురుషులకు 1000 పణాలు, తిరుగుతూ పనిచేసేవారికి 500 పణాలు అని అందులో నిర్ణయించారు. శిక్షణ పొందిన కాలిబంటుకు కూడా 500 పణాలే. అంటే చూసి చెప్పేవాడి విలువ పోరాడేవాడి విలువకు సమానమనీ, ఒక్కోసారి రెట్టింపనీ రాజ్యానికి తెలుసు. అయితే ఆ విలువను అది ఖజానాలోంచే చెల్లించింది గాని నలుగురూ చూసేచోట చాటలేదు.

నలుగురూ చూసేచోట నిలిపింది వీరగల్లును. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఊరి పొలిమేరల్లో ఇప్పటికీ కనిపించే ఆ శిలల మీద మందను కాపాడుతూనో, ఊరి కోసం పోరాడుతూనో నేలకొరిగిన వీరుడు ఆయుధం ఎత్తి నిలబడి ఉంటాడు. కొన్ని శిలల మీద పై అంతస్తులో అప్సరసలు అతణ్ని మోసుకుపోతుంటారు, ఆపైన శివసాన్నిధ్యం. శిల్పికి కావలసింది ఊరంతా చూసిన క్షణం. శత్రువుల రాకను ముందుగా పసిగట్టి, పరుగున వచ్చి ఊరికి చెప్పినవాడి పనిని ఆ రాతి మీద ఏ భంగిమలో చెక్కాలి?

మన ఇతిహాసంలో దీనికొక గొప్ప మినహాయింపు ఉంది. వాల్మీకి యుద్ధకాండ ఆరంభంలో శ్రీరాముడు హనుమంతుణ్ని కౌగిలించుకుంటాడు. ఈ సమయంలో తాను ఇవ్వగలిగిన సర్వస్వం ఈ ఆలింగనమేనంటాడు. ఆ గౌరవం దేనికి? సీత జాడ తెచ్చినందుకు. ఆ తర్వాత కొద్దిసేపటికే లంక కోట గురించి, ద్వారాల గురించి, అగడ్తల గురించి, సేనల మోహరింపు గురించి వరసగా అడుగుతాడు. హనుమంతుడు చెప్పే జవాబు నేటి సైనిక పరిభాషలో పూర్తిస్థాయి రెక్కీ నివేదిక. జనం నోట మాత్రం లంకాదహనం ముందు నిలిచింది, ఆ నివేదిక వెనక్కి వెళ్లింది. రాముడు గౌరవించిన పని వేరు, లోకం ఎక్కువగా తలచుకున్న పని వేరు. ఈ తేడా తర్వాతి శతాబ్దాల్లో సైనిక గౌరవాల్లో తరచుగా కనిపిస్తుంది.

2. ఊదారంగు గుడ్డముక్క నుంచి పతకాల సోపానం దాకా

ఆధునిక కాలంలో ఈ తేడాను చూపడానికి అమెరికాను ఉదాహరణగా ఎంచుకున్నాను. దానికి కారణం ఉంది. మెరైన్ రెక్కీ అనే ప్రత్యేక వృత్తిని రెండో ప్రపంచ యుద్ధంలో ఒక వ్యవస్థగా పెంచిన దేశాల్లో అది ముఖ్యమైనది. పైగా అక్కడి శౌర్యపతకాల ప్రశంసాపత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

జార్జ్ వాషింగ్టన్ 1782 ఆగస్టు 7న సామాన్య సైనికుల కోసం ఒక చిహ్నాన్ని నెలకొల్పాడు. హృదయాకారంలో కత్తిరించిన ఊదారంగు గుడ్డ అది. దాన్ని పొందినట్టు రికార్డుల్లో నిలిచినవారు ముగ్గురు. ఆ ముగ్గురిలో సార్జెంట్ డేనియల్ బిసెల్ గూఢచారి. సైన్యం విడిచి పారిపోయినవాడిలా నటించి, బ్రిటిష్‌వారి అధీనంలోని న్యూయార్క్‌లో ఏడాదికి పైగా గడిపి, బ్రిటిష్ పక్షానికి ఫిరాయించిన బెనెడిక్ట్ ఆర్నాల్డ్ దళంలోనే పనిచేసి, చూసినదంతా మనసులో పెట్టుకుని తిరిగి వచ్చాడు. అమెరికా తొలి సైనిక గౌరవాల్లో ఒకటి తుపాకి పేల్చినందుకు కాక, సమాచారం తెచ్చినందుకు దక్కిందన్నమాట.

ఆ చిహ్నం త్వరలోనే వాడుకలోంచి పోయింది. 1932లో దాన్ని పర్పుల్ హార్ట్ పేరిట తిరిగి తెచ్చారు గాని, క్రమంగా అది యుద్ధంలో గాయపడినవారికీ మరణించినవారికీ ఇచ్చే గుర్తింపుగా స్థిరపడింది. ఈలోగా సోపానం వేరే దారిలో పెరిగింది. 1861 డిసెంబరులో నౌకాదళానికి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. 1919లో నేవీ క్రాస్ వచ్చింది. 1942లో సిల్వర్ స్టార్‌ను నౌకాదళానికీ మెరైన్లకూ విస్తరించారు. అదే ఏడాది నేవీ క్రాస్‌ను పోరాటంలో చూపిన శౌర్యానికే పరిమితం చేసి మెడల్ ఆఫ్ ఆనర్ తర్వాతి మెట్టు మీద నిలిపారు. సేవానైపుణ్యానికి లీజియన్ ఆఫ్ మెరిట్ కూడా 1942లోనే వచ్చింది. 1944లో బ్రాంజ్ స్టార్ చేరింది. పై మెట్లన్నీ శత్రువుతో ముఖాముఖి తలపడినవారివి. నైపుణ్యానికి, ఓర్పుకు, వివేకానికి దక్కినవి ఆ కింది మెట్లు.

3. తరావా: చూడకుండా దిగినందుకు చెల్లించిన మూల్యం

1943 నవంబరు 20న రెండో మెరైన్ డివిజన్ గిల్బర్ట్ దీవుల్లోని తరావా అటోల్‌లో బేటియో అనే చిన్న దీవి మీద దాడికి దిగింది. దీవి చుట్టూ పగడపు దిబ్బ. దాని మీద తగినంత నీరు ఉంటేనే పడవలు దాటగలవు. ఆ దీవుల్లో చాలాకాలం గడిపిన మేజర్ ఫ్రాంక్ హాలండ్ ఆ రోజుల్లో పోటు నమ్మదగినది కాదని ముందే హెచ్చరించాడు. ఆయన భయపడినట్టే అయింది. సుమారు నాలుగడుగుల నీరు కావలసిన పడవలు దిబ్బ అంచున నిలిచిపోయాయి. మెరైన్లు నీళ్లలోకి దూకి, తుపాకులు తలపైకెత్తి, మెషిన్‌గన్ల ఎదుట వందల గజాలు నడిచారు. 76 గంటల్లో ముగిసిన ఆ పోరులో సుమారు వెయ్యిమంది అమెరికన్లు చనిపోయారు. దీవిని కాపాడుతున్న జపాన్ దళం దాదాపు పూర్తిగా నశించింది.

తరావా యుద్ధానికి సంబంధించి మెడల్ ఆఫ్ ఆనర్ నలుగురికి లభించింది. వారిలో ఒకడు ఫస్ట్ లెఫ్టినెంట్ విలియం డీన్ హాకిన్స్. 1942 జనవరిలో సామాన్య సైనికుడిగా చేరి, గ్వాడల్కెనాల్ పోరాటకాలంలో అధికారి హోదా పొందినవాడు. తరావాలో అతను స్కౌట్-స్నైపర్ ప్లాటూన్ నాయకుడు. పేరును బట్టి ఆ ప్లాటూన్ పని ముందుగా వెళ్లి చూడటం, దూరం నుంచి గురిచూసి కొట్టడం. ఆ ఉదయం అతనికి అప్పగించిన పని వేరు. మొదటి అల కంటే ముందే బేటియో జెట్టీ చివర దిగి, అక్కడి శత్రుస్థావరాలను తుడిచిపెట్టాలి.

ప్రశంసాపత్రం ఆ తర్వాతి గంటలను వివరంగా చెబుతుంది. పడవలోంచి మొట్టమొదట దిగినవాడు హాకిన్స్. జెట్టీ మీది స్థావరాలను నిర్వీర్యం చేసి, ఒడ్డుకు చేరి, గ్రెనేడ్లతోనూ పేలుడు పదార్థాలతోనూ బంకర్ల మీదికి దాడులు నడిపాడు. రెండో రోజు తెల్లవారుజామున అయిదు మెషిన్‌గన్లున్న స్థావరం వైపు పాకుతూ వెళ్లి, తుపాకి రంధ్రాల్లోకే కాల్చి, గ్రెనేడ్లతో దాన్ని ముగించాడు. ఛాతీలో తీవ్రగాయమైనా వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోలేదు. మరో మూడు బంకర్లను ధ్వంసం చేశాక పేలిన గుండుకు కూలిపోయాడు. ఒడ్డున దళాలను నడిపిన కర్నల్ డేవిడ్ షౌప్, ఒక లెఫ్టినెంట్ వల్ల యుద్ధం గెలిచామని అనడం అరుదనీ, హాకిన్స్ దానికి చాలా దగ్గరగా వచ్చాడనీ అన్నాడు. దీవిలోని విమానాశ్రయానికి అతని పేరే పెట్టారు.

హాకిన్స్ శౌర్యం ముందు తల వంచుతూనే ఒక మాట గమనించాలి. అతనికి పతకం తెచ్చినది స్కౌట్ పని కాదు. ఆ పని ముందుగా తగినంతగా జరగని తీరంలో అతను దాడిదళ నాయకుడిగా మారవలసి వచ్చింది. దిబ్బ మీద నీటి లోతు ముందే కొలిచి ఉంటే, బంకర్ల స్థానాలు స్పష్టంగా తెలిసి ఉంటే, ఆ ఉదయం మరోలా ఉండేది. తరావాలో లభించిన ఆ నాలుగు పతకాలు నలుగురి ధైర్యానికి గుర్తులు. అదే సమయంలో తీరం గురించి సరిగా తెలియకపోవడంలోని ప్రమాదానికీ గుర్తులు.

4. అపమామా, మజూరో, టినియన్: ఎవరూ చూడని విజయాలు

బేటియోలో పోరు సాగుతున్న రోజుల్లోనే, ఆగ్నేయంగా సుమారు 75 మైళ్ల దూరంలోని అపమామా అటోల్‌కు మరో దళం చేరింది. కెప్టెన్ జేమ్స్ లోగన్ జోన్స్ నాయకత్వంలోని ఉభయచర రెక్కీ కంపెనీ అది. మొత్తం 78 మంది నాటిలస్ జలాంతర్గామిలో ప్రయాణించారు. దారిలో ఒక రాత్రి రింగోల్డ్ అనే సొంత డిస్ట్రాయరే నాటిలస్‌ను శత్రునౌకగా పొరబడి కాల్చింది. అయిదంగుళాల గుండు తగిలింది గాని పేలలేదు. రెక్కీ దళాల జీవితంలో శత్రువు ఎంత ప్రమాదమో, సొంతవారికి కూడా తెలియకుండా తిరగడం ఒక్కోసారి అంత ప్రమాదం.

నవంబరు 21 తెల్లవారకముందే రబ్బరు పడవల్లో వారు ఒడ్డుకు చేరారు. స్థానికుల ద్వారా అక్కడున్నది సుమారు పాతికమంది జపనీయులేనని తెలుసుకున్నారు. తొందరపడి మీదపడకుండా వారి స్థానాలను గుర్తించి, జలాంతర్గామి ఫిరంగులకు గురి చెప్పారు. ఆ కాల్పుల్లో కొందరు చనిపోయారు, మిగిలినవారు ఆత్మహత్య చేసుకున్నారు. అలా చూసిరమ్మని పంపిన దళం చేతికే అటోల్ వచ్చింది. 1944 జనవరి చివర ఇదే కంపెనీ మార్షల్ దీవుల్లో మజూరోను రాత్రివేళ పరిశీలించి, అక్కడ చెప్పుకోదగ్గ సైన్యం లేదని తెలిపింది. మజూరో యుద్ధం లేకుండానే చేతికి వచ్చి, పసిఫిక్ నౌకాదళానికి విశాలమైన లంగరుస్థావరంగా ఉపయోగపడింది.

ఈ వృత్తికి పరమోదాహరణ టినియన్. 1944 జులై 9న సైపాన్ దీవి అమెరికన్ల చేతికి వచ్చింది. దానికి దక్షిణంగా మూడు మైళ్ల దూరంలో టినియన్ ఉంది. తొమ్మిదివేల మంది దాకా ఉన్న జపాన్ సైన్యం, టినియన్ పట్టణం దగ్గరి వెడల్పైన తీరాల్లోనే దాడి జరుగుతుందని ఊహించి అక్కడ బలం పెంచుకుంది. అమెరికన్ల చూపు మాత్రం వాయవ్యంలోని రెండు ఇరుకైన ఇసుక చీలికల మీద పడింది. ఒకటి దాదాపు 60 గజాలు, రెండోది దాదాపు 160 గజాలు. ఒక సైన్యం మొత్తాన్ని అంత సన్నని సందుల్లోంచి దించడం సాధ్యమా అని అడ్మిరల్ రిచ్‌మండ్ టర్నర్ మొదట ఒప్పుకోలేదు. దీన్ని వాదనతో తేల్చలేరు. వెళ్లి చూడాలి.

జులై 10 రాత్రి ఉభయచర రెక్కీ పటాలం ఈతగాళ్లూ, నౌకాదళ అండర్‌వాటర్ డెమొలిషన్ బృందాలూ బయల్దేరారు. నౌకల నుంచి రబ్బరు పడవల్లో తీరానికి కొంత దూరం దాకా వచ్చి, అక్కడి నుంచి ఈదారు. ఒక బృందం తూర్పున ఎల్లో బీచ్‌కు వెళ్లింది. మందుపాతరలు, ముళ్లకంచెలు, గట్టు పైన కాపలా. దిగడానికి అది తగదని తేలింది. వాయవ్యానికి వెళ్లినవారిని ప్రవాహం ఉత్తరానికి ఈడ్చుకుపోయింది. రెండు చిన్న తీరాల్లో రెండోదాన్ని వారు చేరలేకపోయారు. మర్నాటి రాత్రి మళ్లీ వెళ్లారు. ఈసారి నౌక రాడార్ సాయంతో పడవలకు దారి చెప్పారు. ఈతగాళ్లు చీకట్లో దిబ్బ మీది లోతు కొలిచారు, అంచుల్లోని పగడపు గట్ల ఎత్తును చేతులతో తడిమి చూశారు, వాటి మీదుగా మనుషులు ఎక్కగలరా, వాహనాలు లోపలికి పోగలవా అన్నది పరీక్షించారు. శత్రువుకు అనుమానం రాకుండా తిరిగి వచ్చారు.

వారు తెచ్చిన జవాబుతో టర్నర్ అభ్యంతరం తొలగింది. జులై 24న టినియన్ పట్టణం ఎదుట రెండో మెరైన్ డివిజన్ దిగుతున్నట్టు నటించింది. ఆ బూటకపు దాడిలో తీర ఫిరంగులకు చిక్కి కొన్ని నౌకలు నష్టపోయాయి. అసలు దాడి వాయవ్యపు చీలికల్లోంచి జరిగింది. సాయంత్రానికి 15,000 మందికి పైగా ఒడ్డుకు చేరారు. ఆ రోజు ఒడ్డున దిగిన దళాల్లో మరణించినవారు 15 మంది, గాయపడినవారు 225 మంది. తరావా జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న ఆ రోజుల్లో ఈ అంకెలు నమ్మశక్యం కానివి.

టినియన్ యుద్ధానికి సంబంధించి మెడల్ ఆఫ్ ఆనర్ ఇద్దరికి లభించింది. రాబర్ట్ విల్సన్, జోసెఫ్ ఓజ్‌బోర్న్ ఇద్దరూ కింది హోదా మెరైన్లే. ఇద్దరూ గ్రెనేడ్ మీద పడి తోటివారిని కాపాడి చనిపోయారు. ఆ త్యాగాలకు ఆ పతకం అన్ని విధాలా తగినదే. ఉభయచర రెక్కీ దళాలకు గుర్తింపే రాలేదని కూడా నేననడం లేదు. అత్యున్నత పతకాల పట్టికలో మాత్రం జులై 10, 11 రాత్రులు లేవు. వందలమంది ప్రాణాలు నిలబెట్టిన పని అది. ఆ ప్రాణాలు నిలబడ్డాయి గనకనే అక్కడ చెప్పుకోవడానికి సంఘటన ఏదీ జరగలేదు.

5. వియత్నాం: మౌనం చెదిరిన రోజులు

వియత్నాం యుద్ధంలో మెరైన్ రెక్కీ రెండు రకాలుగా చీలింది. ఒకటి కీహోల్ గస్తీ: చూడటం, రాసుకోవడం, కనబడకుండా తిరిగి రావడం. రెండోది స్టింగ్‌రే గస్తీ: చిన్న బృందం ఎత్తైన చోట దాక్కుని, శత్రువు కనబడగానే రేడియోలో ఫిరంగులనూ విమానాలనూ రప్పించడం. రెండో పద్ధతి శత్రువుకు చాలా నష్టం కలిగించింది. దెబ్బ ఎక్కడి నుంచి వస్తోందో శత్రువు ఊహించే అవకాశమూ అంతే పెరిగింది.

1966 జూన్‌లో స్టాఫ్ సార్జెంట్ జిమ్మీ హోవర్డ్ నాయకత్వంలో 18 మంది చు లాయ్‌కి పడమరగా 488 అంకెతో గుర్తించిన కొండ మీదికి చేరారు. పదహారుమంది మెరైన్లు, ఇద్దరు నౌకాదళ వైద్య సహాయకులు. రెండు రోజులపాటు లోయలో కదులుతున్న శత్రుదళాలను చూసి ఫిరంగులకు గురి చెప్పారు. ఎదుటివారు కారణం గ్రహించారు. జూన్ 15 రాత్రి కొండను పెద్ద బలంతో చుట్టుముట్టారు. తెల్లవారేసరికి ఆరుగురు మరణించారు, మిగిలినవారంతా గాయపడ్డారు, తూటాలు దాదాపు నిండుకున్నాయి. గ్రెనేడ్లు అయిపోతున్నప్పుడు రాళ్లు విసిరారు. చీకట్లో రాయి పడ్డ చప్పుడును గ్రెనేడ్‌గా భ్రమించి శత్రువు కదిలితే ఆ కదలిక మీద కాల్చారు. హోవర్డ్‌కు మెడల్ ఆఫ్ ఆనర్, నలుగురికి నేవీ క్రాస్, పదముగ్గురికి సిల్వర్ స్టార్ దక్కాయి. పద్దెనిమిది మందిలో ప్రతి ఒక్కరికీ శౌర్యపతకం. అంత చిన్న దళానికి ఒకే పోరులో అన్ని గౌరవాలు రావడం అమెరికా సైనిక చరిత్రలో అపూర్వం.

దాదాపు ఇరవై నెలల తర్వాత, 1968 ఫిబ్రవరి 16న, క్వాంగ్ ట్రి ప్రాంతంలో సెకండ్ లెఫ్టినెంట్ టెరెన్స్ గ్రేవ్స్ ఎనిమిదిమంది గస్తీతో ఉన్నాడు. థర్డ్ ఫోర్స్ రెక్కీ కంపెనీలో ప్లాటూన్ కమాండర్. వయసు ఇరవై రెండేళ్లు. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. అప్పటికి కమ్యూనిస్టు దళాల టెట్ దాడి మొదలై మూడు వారాలు కూడా నిండలేదు. ఖె సాన్‌లోని మెరైన్ స్థావరం ముట్టడిలో ఉంది.

ఏడుగురు శత్రుసైనికులు తమవైపు రావడం చూసి గ్రేవ్స్ తన మనుషులను సర్ది కాల్పులు జరిపించాడు. కాల్పులు ఆగాక ఇద్దరితో కలిసి ఆ చోటు పరిశీలిస్తుండగా అంతకంటే పెద్ద దళం విరుచుకుపడింది. ఒక మెరైన్ గాయపడ్డాడు. గ్రేవ్స్ కాల్పుల మధ్యనుంచే రేడియో దగ్గరికి చేరి ఫిరంగులనూ హెలికాప్టర్ గన్‌షిప్‌లనూ రప్పించాడు. దళాన్ని హెలికాప్టర్ దిగే చోటికి నడిపిస్తుండగా మళ్లీ కాల్పులు. మరో ఇద్దరు గాయపడ్డారు, తనూ గాయపడ్డాడు. వైద్యం వద్దన్నాడు. ఇంకో చోటు చూసి, అక్కడికి హెలికాప్టర్‌ను దించి, మనుషులను ఎక్కించాడు. గాయపడినవారిలో ఒకరు ఎక్కలేదని అప్పుడు గమనించాడు. హెలికాప్టర్‌ను వెళ్లిపొమ్మన్నాడు. మరో మెరైన్‌తో కలిసి ఆ గాయపడినవాడి దగ్గరికి వెనక్కి నడిచాడు. తూటాలు తరిగిపోతున్నా రేడియోతోనే శత్రువును దూరంగా నిలిపి, రెండో హెలికాప్టర్ వచ్చేదాకా కాచాడు. అది పైకి లేచిన కాసేపటికే కాల్పులకు దెబ్బతిని కూలింది. గ్రేవ్స్ మరణించాడు. మరణానంతరం అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఆ ప్రశంసాపత్రాన్ని శాసనాన్ని చదివినట్టు చదివిచూడండి. గస్తీ సుదూర రెక్కీకి వెళ్లిందని ఒక్క మాట ఉంది. ఆ దళాన్ని ఏం చూడమని పంపారు? కాల్పులకు ముందు వారు ఏం చూశారు? ఆ సమాచారం ఎవరికి ఉపయోగపడింది? వీటికి అందులో జవాబు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. పత్రం మొదలయ్యేది శత్రువు ఎదురుపడ్డ క్షణం నుంచి. రెక్కీ అధికారిగా గ్రేవ్స్ నేర్చిన విద్య మొత్తం ఆ క్షణం రాకుండా చూసుకునే విద్య. ఆ క్షణం వచ్చాక అతను చూపినది మనిషిగా, నాయకుడిగా అతనిలో ఉన్న ఔన్నత్యం. పతకం ఆ రెండోదాన్ని శాశ్వతం చేసింది.

6. ఎందుకిలా?

దీనికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది సాక్ష్యం. అత్యున్నత పతకానికి సందేహానికి తావులేని రుజువు కావాలి, కళ్లారా చూసినవారి వాఙ్మూలాలు కావాలి. అది న్యాయం. ఆ కట్టుదిట్టం లేకపోతే పతకానికి విలువే ఉండదు. చీకట్లో ఒంటరిగా పగడపు గట్టును తడిమినవాడికి సాక్షి ఎవరు?

రెండోది నియమం. 1969లో అమెరికా నౌకాదళం నెలకొల్పిన కాంబాట్ యాక్షన్ రిబ్బన్‌కు శత్రువు కాల్పులకు లోనై పోరాటంలో పాల్గొనడం అర్హత. ఒక్క తూటా పేలకుండా ముగిసిన గస్తీ ఎంత ప్రమాదకరమైనదైనా మామూలుగా ఆ కొలతకు అందదు. నియమాల కఠినత్వానికి బ్రిటన్‌లో మరింత తీవ్రమైన ఉదాహరణ ఉంది. 1942 డిసెంబరులో రాయల్ మెరైన్స్ మేజర్ హెర్బర్ట్ హాస్లర్ నాయకత్వంలో పదిమంది అయిదు చిన్న పడవల్లో గిరోండ్ నది మీదుగా బోర్డో రేవుకు బయల్దేరారు. రెండు పడవలే గమ్యం చేరి నౌకలకు మందుపాతరలు అంటించాయి. ప్రాణాలతో ఇంటికి తిరిగి వచ్చినవారు హాస్లర్, ఆయన జోడీ బిల్ స్పార్క్స్ మాత్రమే. హాస్లర్‌కు డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్, స్పార్క్స్‌కు డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ లభించాయి. రెండో పడవలో అదే పని చేసిన లేవర్, మిల్స్ జర్మన్లకు చిక్కి మరణశిక్షకు గురయ్యారు. చనిపోయినవారికి ఆ స్థాయి పతకం ఇచ్చే నియమం అప్పట్లో లేదు గనక వారి పేర్లు నివేదికల్లో ప్రస్తావనతో ఆగాయి. ఒకే రాత్రి, ఒకే నది, ఒకే పని. స్పార్క్స్ ముసలితనంలో ఇబ్బందుల వల్ల 1988లో తన పతకాలను వేలంలో అమ్ముకున్నాడు. దేశం ఇచ్చిన గౌరవానికీ, దేశం చూసుకున్న తీరుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో అది చెబుతుంది.

మూడో కారణం అన్నిటికంటే లోతైనది. జరగని నష్టానికి ఆనవాలు ఉండదు. వరదకు ముందే చెరువుకట్ట గండి పూడ్చినవాడి పేరు ఊరికి గుర్తుండదు, వరదలో ఈది పిల్లను కాపాడినవాడి పేరు తరతరాలు నిలుస్తుంది. టినియన్ రాత్రుల వల్ల బతికినవారికి తాము బతికింది ఎవరి వల్లనో తెలియదు. గ్రేవ్స్ వెనక్కి నడిచినప్పుడు ఆ గాయపడినవాడికి తెలుసు. కృతజ్ఞత తెలిసినచోటే పుడుతుంది, గౌరవం కృతజ్ఞతను అనుసరిస్తుంది.

7. మన తీరం, మన బాధ్యత

మన దేశం 1950 జనవరి 26న పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్రలను నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేసింది. ఇవి శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి. శత్రువు ఎదుట కాని సాహసానికి 1952లో వేరే వరస ఏర్పరచింది. అశోక చక్ర ఆ వరసలోనిది. రెండు వరసలుండటం వివేకమైన నిర్ణయమే. అయినా రహస్యంగా జరిగే పని లోకానికి తెలియకపోవడమనే సమస్య తీరలేదు.

1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాట సమయంలో పలాశీ దగ్గర భాగీరథి ఒడ్డున మన నౌకాదళం తూర్పు బెంగాల్ యువకులకు ఈత, మందుపాతర విద్య నేర్పింది. ఆగస్టు మధ్యలో ఒకే రాత్రి వారు చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లోని నౌకలను దెబ్బతీశారు. ఆ వ్యవస్థను నడిపిన కమాండర్ ఎం.ఎన్.ఆర్. సామంత్‌కు, లీడింగ్ సీమన్ చిమన్ సింగ్‌కు మహావీర చక్రలు వచ్చాయి. పతకాలు అందరికీ తెలిశాయి, వాటి వెనక కథ దశాబ్దాలపాటు తెలియలేదు. సామంత్, సందీప్ ఉన్నితన్ కలిసి రాసిన పుస్తకం 2019లో వచ్చాకే సామాన్య పాఠకుడికి దాని పూర్తిరూపం అందింది. 1987లో శ్రీలంకలోని జాఫ్నాలో గురునగర్ జెట్టీ మీద దాడి నడిపిన లెఫ్టినెంట్ అరవింద్ సింగ్‌కు మహావీర చక్ర దక్కింది. అప్పుడు కొత్తగా ఏర్పడ్డ ఆయన దళమే నేటి నౌకాదళ కమాండో దళం మార్కోస్. 2016 నుంచి మన భీమునిపట్నంలోని ఐఎన్‌ఎస్ కర్ణ వారి స్థావరం. మనకు ఇంత దగ్గరగా ఉన్నవారి పనిలో మనకు తెలిసేది అతి స్వల్పం. నేడు అది అవసరం. ఎల్లకాలం అలాగే ఉండిపోతే అది అన్యాయమవుతుంది.

2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వ శాఖ యుద్ధచరిత్రల సంకలనానికీ, రికార్డుల విడుదలకూ ఒక విధానం ప్రకటించింది. సాధారణంగా 25 ఏళ్లు దాటిన రికార్డులను నిపుణులు పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి పంపాలని అందులో ఉంది. ఈ విధానం కాగితం దాటి ఆచరణలోకి ఎంత బలంగా వస్తే మన సైనిక గౌరవాలకు అంత అర్థం చేకూరుతుంది. ఎందుకంటే పతకం ఒంటరిగా చదవదగిన పత్రం కాదు. దాని పక్కన గస్తీ నివేదిక ఉండాలి, గస్తీ ఆధారంగా గీసిన పటం ఉండాలి, ఆ పటాన్ని నమ్మి దిగిన దళాల మృతుల లెక్క ఉండాలి.

ఈ సభలోని విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. హాకిన్స్ ప్రశంసాపత్రాన్ని చదివితే తరావా దిబ్బ మీద ఎంత నీరుందో కూడా చూడండి. గ్రేవ్స్ ప్రశంసాపత్రాన్ని చదివితే ఆ గస్తీని అక్కడికి ఎందుకు పంపారో వెతకండి. ఏ పతకమూ లేని చోట మృతుల సంఖ్య ఆశ్చర్యపరిచేంత తక్కువగా కనబడితే, అక్కడ ఎవరో ముందుగా వెళ్లి చూసివచ్చారేమోనని అనుమానించండి. 1944 జులై 24న టినియన్ ఒడ్డున మరణించినవారు పదిహేనుమంది. ఆ అంకె అంత చిన్నది కావడానికి రెండు రాత్రులు ఈదినవారి పేర్లను చరిత్రలోకి తేవడం పతకాలిచ్చే సంఘాల వల్ల కాదు. అది రికార్డులు చదివేవారు చేయవలసిన పని.